మట్టలు కొయ్యమనని వారం

షుగరు వచ్చింది కాబట్టి అన్నం తగ్గించి సజ్జరొట్టె తినమని డాక్టరు చెప్పిన రోజున మహా ఉత్సాహంగా రెండు కిలోల సజ్జలు కొనుక్కొచ్చుకుని, ఆ తరువాత మూడు నెలల పాటు ఆ డబ్బా మూత తియ్యని మనిషిని నేను. మొన్నామధ్య ఎండ బాగా కాస్తోంది కదా అని వంటగది అలమర సర్దడానికి పూనుకుని ఆ డబ్బా తెరిచేసరికి, గింజలన్నీ సన్నటి దారాలతో ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయి ఉన్నాయి, బూడిద రంగు రెక్కల పురుగులు నాలుగైదు నా మొహం మీదకి ఎగిరాయి. మీలో ఎవరైనా అయితే ఛీ అనుకుని డబ్బాతో సహా బయట పడేసేవారు. నేను మాత్రం అందులో మొహం పెట్టి వాసన చూశాను. పాత నూక వాసన, కాస్త పులుపు, కాస్త దుమ్ము. పాతికేళ్లకి పైగా నా చీరలకీ జుట్టుకీ పట్టి ఉండి, ఎన్ని కుంకుడుకాయలు వాడినా వదలని వాసన అది. వంటింట్లో గిన్నెలు తోముతున్న పనమ్మాయి "ఏంటండీ అమ్మగారూ, పురుగు పట్టిన సజ్జల్ని సెంటు చూసినట్టు చూత్తన్నారు?" అని నవ్వింది. డబ్బా మూత పెట్టేసి, రాజమండ్రి ఎండని కిటికీలోంచి చూస్తూ చాలాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఇరవై తొమ్మిదో ఏట నాకు ఉద్యోగం వచ్చింది. తొంభైల మొదట్లో మాట. కోనసీమలో ఒక కాలవ పక్కన పాత పెంకుటింట్లో ఉండేది మా ఆఫీసు. బోర్డు మీద దాని పేరు గజం పొడుగుండేది గాని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా కందిరీగల ఆఫీసు అనేవారు, నన్ను కందిరీగలమ్మ అనేవారు. పెళ్లిళ్లలో పేరంటాల్లో ఆ పేరు పెట్టి ఆటపట్టించని బంధువు లేడు. కుట్టదా అమ్మాయ్, జీతం ఎవరికిస్తారు, నీకా కందిరీగలకా అని అడిగేవారు. మనుషుల్ని కుట్టే కందిరీగలు కావవి. చీమ కంటే చిన్నవి, ఎర్రగా గోధుమరంగులో ఉండి, చూపు బాగున్నవాళ్లకే కనిపించేవి. కొబ్బరాకు తినే నల్లతల పురుగుని వెతికి పట్టుకుని, కుట్టి కదలకుండా చేసి, దాని ఒంటి మీద గుడ్లు పెట్టి పోతాయి. పిల్లలు ఆ పురుగునే తిని పెరుగుతాయి. మందు కొట్టకుండా పురుగుతో పురుగుని చంపించడం మా ఆఫీసు పని.

కోనసీమని అడవి అని ఎవరూ అనరు గాని, పైనుంచి చూస్తే అది కొబ్బరి అడవే, ఒక ఊరి తోట ఎక్కడ ఆగిందో పక్క ఊరి తోట ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. అడవికి పట్టిన తెగులు అడవంతా పాకుతుంది. తొంభై ఆరులో వచ్చిన ఆ పెద్ద తుఫాను మన తరం వాళ్లు మరిచిపోయేది కాదు. చెట్ల నడినెత్తిన ఉండే మొవ్వులు విరిగి, బతికిన చెట్లు కూడా సత్తువ లేక నిలబడి ఉండగా, రెండేళ్లకల్లా ఈ పురుగు చెలరేగింది. ఆకు అడుగున పట్టుతోనూ తన పెంటతోనూ సొరంగంలాంటి గూడు కట్టుకుని, అందులో దాక్కుని పచ్చదనమంతా గోకి తినేస్తుంది. దూరం నుంచి చూస్తే తోటకి నిప్పంటుకుని ఆరిపోయినట్టు ఉండేది. కాయ రాలేది, పిందె రాలేది. చెట్టు పోకపోయినా చెట్టుని నమ్ముకున్నవాడు పోయేలా ఉండేవాడు.

పొద్దున్న ఎనిమిదింటికల్లా నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని రెక్కల పురుగుల గదిలోకి వెళ్లేదాన్ని. చెక్క ట్రేలలో సజ్జ నూక పోసి, మొన్న నా డబ్బాలో పుట్టుకొచ్చాయే, అవే బియ్యపు పురుగుల్ని పెంచేవాళ్లం, ఎందుకంటే చెట్ల మీది పురుగుని ఏడాది పొడుగునా గదిలో పెంచడం అయ్యే పని కాదు. ఈ బియ్యపు పురుగుల్ని రెండు గుడ్డ పొరల మధ్య పెట్టి, లాంతరు చిమ్నీల మూతికి బిగించి, లోపల కందిరీగల్ని వదిలితే అవి గుడ్డలోంచే కుట్టి గుడ్లు పెట్టేవి. కరెంటు వచ్చాక ఊళ్లో ఎవరింట్లోనూ లాంతరు లేకపోయినా మా ఆఫీసులో మాత్రం వరసలు వరసలుగా చిమ్నీలు ఉండేవి. పుట్టిన కందిరీగలకి తేనె చుక్కలు పెట్టి, గాజు గొట్టాల్లోకి ఎక్కించి, దూది బిరడా పెట్టి తోటలకి పంపేవాళ్లం.

ఇక్కడొక చిక్కుంది. ఈ కందిరీగ కళ్లతో వెతకదు, వాసనతో వెతుకుతుంది. పుట్టినచోట ఏ వాసన ఉందో, ఏ వాసన దగ్గర దానికి పురుగు దొరికిందో, ఆ వాసననే పట్టుకుని పోతుంది. నూక వాసనలో పుట్టిన దాన్ని తీసుకెళ్లి కొబ్బరి మొవ్వులో వదిలితే దానికి ఆ లోకం తెలియదు. అందుకని మా ఆఫీసరు గారు ఒక పద్ధతి పెట్టారు. తోటకి పంపే రెండు రోజుల ముందు, పురుగు పట్టిన కొబ్బరి మట్టలు కోయించి తెచ్చి, ఆకుల అడుగున ఉన్న గూళ్లని కుంచెతో గీకి, ఆ పొడిని చిటికెడు చిటికెడు ప్రతి గొట్టంలోనూ వెయ్యాలి. ఆ రెండు రోజుల్లో కందిరీగకి అదే తన తిండి వాసన అని తెలుస్తుంది. వాసన నేర్చుకున్నది వెతుకుతుంది, నేర్చుకోనిది తిరుగుతుంది అని ఆయన ఊరికే అంటూ ఉండేవారు. భూతద్దం కింద ఎన్నోసార్లు చూశాను నేను. నేర్చుకున్న కందిరీగ ఆకు మీద పొడి తగలగానే ఆగిపోయి, మీసాలతో తడిమి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి అక్కడక్కడే సుళ్లు తిరిగి, చివరికి గూట్లోకి దూరిపోయేది. నేర్చుకోనిది ఆ పొడి మీంచే నడిచి పోయేది. ఈ గీకుడు పని నాది. ఆ పొడి చేతులకి తగిలితే మోచేతుల దాకా దద్దుర్లు లేచి రెండు రోజులు దురద పెట్టేది. ఆఫీసులో ఆ పని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు, నేను తాత్కాలిక ఉద్యోగిని కాబట్టి నాకు వచ్చింది.

మట్టలు కోసి తెచ్చేదీ, గొట్టాలు పట్టుకెళ్లి మొవ్వుల్లో వదిలేదీ ఒకే మనిషి. చెట్టెక్కి కాయలు దింపే మనిషి కాబట్టి ఊరంతా ఆయన్ని దింపు బాబాయి అనేవారు, నేనూ బాబాయి అనే పిలిచేదాన్ని. వరసకి ఏమీ కాడు, ఊరి వరస. నలభై ఐదేళ్లుంటాయేమో, కాళ్లకి తాడు బంధం వేసుకుని ఎంత ఎత్తు చెట్టయినా మనం మెట్లెక్కినట్టు ఎక్కిపోయేవాడు. కొబ్బరి తోట ఉన్నవాళ్లకి తెలుసు, దింపు తీసే మనిషి మాట ఎంత విలువైనదో. కాయ ముదిరిందా, మొవ్వులో కొమ్ముపురుగు చేరిందా, మట్టల మధ్య చెత్త తీశాడా లేదా అన్నది కింద తల ఎత్తుకుని నిలబడ్డ ఆసామికి ఏమీ కనబడదు. పైనున్నవాడు చూశానంటే చూసినట్టు, తీశానంటే తీసినట్టు. ఆ మాట మీదే తరతరాలుగా తోటలు నడిచాయి. అబద్ధమాడే దింపువాడు అని ఒకసారి పేరు పడ్డవాడిని మళ్లీ ఏ తోటలోకీ రానివ్వరు. ఈయన మాటకి మాత్రం చుట్టుపక్కల పది ఊళ్లలో తిరుగు లేదు.

నాకు చెట్టెక్కడం రాదు కాబట్టి పైన కందిరీగలు ఏం చేస్తాయో ఆయన నోటే వినేదాన్ని. కిందకి దిగి, బంధం విప్పుకుంటూ, చుట్ట వెలిగించుకుని చెప్పేవాడు. "మీసాలాడిత్తా పోతందండి అమ్మాయిగారూ, గుడ్డోడు కర్రతో దారి తడుంకున్నట్టు. ఆగిందంటే దొరికినట్టేనండి." నేను భూతద్దంలో చూసిందే ఆయన నలభై అడుగుల ఎత్తున ఒంటి చేత్తో చెట్టుని పట్టుకుని చూసేవాడు. మా ఆఫీసరు గారు చదువుకున్న మనిషి, ఆయన కూడా ఈయన చెప్పేది నోట్సు రాసుకునేవారు. ఏ గొట్టంలో కందిరీగలు చురుగ్గా ఉన్నాయో ఏవి నీరసంగా ఉన్నాయో బిరడా తియ్యగానే చెప్పేసేవాడు.

తుఫాను వచ్చిన మూడో వేసవిలో మా పెదనాన్న తోటకి పురుగు పట్టింది. ఇంటి వెనకే తోట, నడుం వంచి పెంచిన చెట్లు, ఆ ఏడు మా పెదనాన్న కూతురి పెళ్లి కూడా కుదిరింది. పెళ్లి పనుల్లో పడితే మళ్లీ తీరదు, ముందుగా మీ కందిరీగల్ని పంపించమ్మా అని ఆయన నన్ను తొందరపెట్టాడు. నేను ఆఫీసరు గారి కాళ్లావేళ్లా పడి ఆ వారం గొట్టాలన్నీ మా పెదనాన్న తోటకే రాయించాను. అక్కడిదాకా బాగానే ఉంది. గొట్టాలు పంపాల్సింది శనివారం, పెళ్లి సోమవారం. గురువారం నాడు మట్టలు కోసుకు రమ్మని బాబాయికి కబురు పెట్టి, గూళ్లు గీకి, పొడి వెయ్యాలి. ఆ గురువారం ముందు రాత్రే మా చెల్లి వరసవాళ్లంతా కూర్చుని నాకు మోచేతుల దాకా గోరింటాకు పెట్టారు. ఎర్రగా మందారంలా పండింది. ఆ చేతులతో ఆ పురుగు పెంట గీకి, దద్దుర్లతో, గోక్కుంటూ పెళ్లిలో నిలబడటం నాకు మనస్కరించలేదు.

ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఏదైనా చెప్పుకోదగ్గ కష్టం అడ్డొచ్చిందని రాయాలని ఉంది గాని, రాయను. పొడి పొడే కదా, ఏ పొడి అయితే ఏంటి అనుకుని, రెక్కల పురుగుల ట్రేలు దులిపినప్పుడు పోగైన నూక దుమ్ముని చెంచాతో తీసి గొట్టాల్లో వేశాను. రంగు ఒక్కటే, ఎవరు చూసినా తేడా తెలియదు. తెలియకేం, నాకు తెలుసు, నేను చేసింది వాసన నేర్పకపోవడం కూడా కాదు, తప్పుడు వాసనని మరోసారి గట్టిగా నేర్పడం. కాని ఆ రోజు మనసుకి అంత దూరం ఆలోచించే తీరిక ఇవ్వలేదు నేను. శనివారం పొద్దున్నే బాబాయి వచ్చి గొట్టాల బుట్ట తీసుకుని వెళ్లాడు. ఏమీ అడగలేదు. ఒక్క క్షణం గుమ్మంలో నిలబడ్డాడేమో అని తరువాత చాలాసార్లు అనిపించింది గాని, అది నిజంగా గుర్తున్నదో నేను కల్పించుకున్నదో చెప్పలేను.

సోమవారం మధ్యాహ్నం, పెళ్లివారికి రెండో బంతి వడ్డిస్తున్న వేళ, బియ్యం తీసుకురమ్మని పెద్దమ్మ నన్ను సామాన్ల గదిలోకి పంపింది. బయట సన్నాయి, వంటల పొగ, పిల్లల గోల. లోపల చీకటిగా చల్లగా ఉంది. బస్తాలు గోడవార పేర్చి ఉన్నాయి. కిటికీకి దోమలు రాకుండా కొట్టిన జాలీ మీద వెలుగు పడుతుంటే, ఆ జాలీ మీద ఏవో నడుస్తున్నాయి. దగ్గరకి వెళ్లాను. నా కందిరీగలు. జాలీ మీద కొన్ని, బస్తాల కుట్ల మీద కొన్ని. పాత బియ్యం బస్తా మూతి దగ్గర పురుగు పట్టి దారాలు అల్లిన చోట ఒకటి ఆగి, మీసాలతో తడిమి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, అక్కడక్కడే సుళ్లు తిరుగుతోంది. ఎంత చక్కగా వెతుకుతోందో. నేను నేర్పినది నేర్పినట్టు, ఒక్క పిసరు తప్పు లేకుండా, అంత తోట వదిలిపెట్టి, దాని చదువు దాన్ని ఎక్కడికి తీసుకెళ్లమందో అక్కడికే వచ్చింది. చేట పట్టుకున్న నా చేతులు గోరింటాకుతో ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మ పిలిస్తే బియ్యం చేటలో పోసుకుని బయటకి వచ్చేశాను. కొన్నైనా పైకి వెళ్లే ఉంటాయిలే అని నాకు నేనే చెప్పుకుని రెండో బంతికి నెయ్యి వడ్డించాను.

ఆ రోజే వెళ్లి ఆఫీసరు గారికి చెప్పి ఉంటే ఇంకో వారానికల్లా మంచి గొట్టాలు పంపించగలిగేవాళ్లం. చెప్పలేదు. తాత్కాలిక ఉద్యోగాలవాళ్లలో కొందరిని పర్మనెంటు చేస్తారని ఆ నెలలోనే ఫైలు కదిలింది, పేరు తేడా రాకూడదని నా భయం.

నెలన్నర గడిచాక మా ఆఫీసరు గారు తోట చూడటానికి వచ్చారు. తోట ఇంకా మాడిపోయి ఉంది. బాబాయి చేత మట్టలు కోయించి ఆకులు తిరగేస్తే పురుగులు పుష్టిగా తింటూ ఉన్నాయి, కందిరీగ కుట్టినది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక్క ఊళ్లోనూ అంతకుముందు అలా జరగలేదు. మా పెదనాన్నకి కోపం వస్తే ముందూవెనకా చూడడు. ఆడపిల్ల పెళ్లి ఖర్చులో ఉన్నాడు, తోట చూస్తే ఇలా ఉంది. "వీడు చెట్టెక్కలేదండి, కిందే దులిపేసి పోయాడు. పెళ్లి హడావుడిలో ఎవరు చూత్తార్లే అనుకున్నాడు" అన్నాడు. ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. గొట్టాలు పద్ధతి ప్రకారమే ఇచ్చారా అని అడిగారు. "పద్ధతి ప్రకారమే ఇచ్చానండి" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు పమిట కింద దాచుకున్నాను. గోరింటాకు అప్పటికి చేతుల మీద పోయి, గోళ్ల చివర మాత్రం సన్నగా ఎర్రగా మిగిలి ఉంది. బాబాయి చూపు పమిట అంచు కింద కనబడుతున్న ఆ గోళ్ల మీద పడింది. తరువాత తల వంచుకుని, "ఎక్కానండి. పెతి చెట్టూ ఎక్కానండి" అన్నాడు. రెండోసారి అనలేదు.

ఆఫీసరు గారు మా పనికి వేరే ఊరి మనిషిని పెట్టుకున్నారు. నేను ఆ తరువాత ఒళ్లు దగ్గర పెట్టుకుని, చేతులు వాచినా సరే, ఒక్క వారం తప్పకుండా గూళ్లు గీకి పొడి వేశాను. ఆ ఏడు మేం కందిరీగలు వదిలిన తోటలన్నీ తేరుకున్నాయి. చూశారా, మనిషి మారగానే ఫలితం వచ్చింది అన్నారు అందరూ. నేను బుద్ధి తెచ్చుకుని చేసిన పని ఆయన నేరానికి సాక్ష్యం అయింది. ఒక్కొక్క ఆసామీ ఆయన్ని దింపుకి పిలవడం మానేశాడు. మొవ్వులో ఏం చేస్తాడో మనకేం తెలుసు అన్న మాట ఒకసారి పుట్టాక ఇంకేముంటుంది. మరుసటి ఏడు ఎండాకాలం అంతా ఖాళీగా కాలవ వంతెన మీద కూర్చుని ఉండేవాడు. నేను ఆఫీసుకి వెళ్లే దారి అదే. సైకిలు దిగి పలకరించేదాన్ని కాదు, బెల్లు కొట్టి తల ఊపి పోయేదాన్ని. ఆయన మాత్రం లేచి నిలబడేవాడు.

చివరికి మా పెదనాన్నే పిలిచి పని ఇచ్చాడు. కందిరీగల మీద నమ్మకం పోయి ఆయన తోటకి మందు కట్టించాలని నిర్ణయించుకున్నాడు. కొబ్బరికి మందు పెట్టే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. చెట్టు మొదట్లో తవ్వి, లేత ఎర్రటి వేరు ఒకటి చూసుకుని, ఏటవాలుగా కోసి, మందు నీళ్లు పోసిన ప్లాస్టిక్ సంచీలో ఆ వేరు మునిగేలా పెట్టి కట్టేస్తారు. చెట్టు తాగేస్తుంది. ఆ తరువాత నెలన్నర ఆ చెట్టు కాయ ముట్టుకోకూడదు. ఆ కాయే ముట్టుకోకూడదంటే ఆ మందు ఎంతటిదో చూసుకోండి. చేతులకి తొడుగులు లేవు, ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. చెట్టెక్కాల్సిన పని కాదు కదా, నేల మీది పని, అబద్ధమాడేందుకు వీల్లేదు, కట్టిన సంచీ కళ్ల ముందు కనిపిస్తుంది అని మా పెదనాన్న అన్నాడట. అది దయగానే అన్నాడు. వట్టి చేతులతో మందు కలుపుతూ, అవే చేతులతో మధ్యమధ్యలో చుట్ట చుట్టుకుని కాలుస్తూ మూడు రోజులు చేశాడు. మూడో రోజు మధ్యాహ్నం తోటలోనే పడిపోయాడు. నోట నురగ, ఒళ్లంతా చెమట, కళ్లల్లో పాపలు ఆవగింజంత అయిపోయాయట. కాకినాడ తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది గాని, ఇంటికి వచ్చాక కాళ్లల్లో సత్తువ తిరిగి రాలేదు. చెట్లెక్కిన కాళ్లు, గుమ్మం దాటడానికి మనిషి సాయం కావలసి వచ్చేది. ఊపిరి కూడా సరిగ్గా ఆడేది కాదు.

వర్షాలు మొదలయ్యాక ఒకనాడు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వెళ్లాను. వెళ్లడానికి అన్ని నెలలు పట్టింది నాకు. తాటాకుల ఇల్లు, చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. పిన్ని, అంటే ఆయన భార్య, నాకు పీట వేసి, కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది. ఆయన నులకమంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. కందిరీగలెలా ఉన్నాయండి అని అడిగాడు. బాగున్నాయి బాబాయి అన్నాను. కాసేపు వాన చూశాడు. తరువాత, నన్ను నిందించే గొంతుతో కాదు, మామూలుగా దింపు లెక్క చెప్పినట్టు అన్నాడు.

"ఆ వారం మీరు మట్టలు కొయ్యమన్లేదు కదండి అమ్మాయిగారూ."

మట్టలు కోసి తెచ్చేది ఆయనే కదా. కొయ్యమనకపోతే ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇన్ని నెలల్లో ఈ ముక్క నాకు తట్టలేదంటే నమ్ముతారా? ఆయన్ని ఎంత చిన్నగా చూశానో అప్పుడు తెలిసింది.

"పైకెక్కి బిరడా తీత్తే నూకోసనొచ్చిందండి. ఎక్కాను గదా అని వదిలేసొచ్చేశాను."

ఎందుకు చెప్పలేదు బాబాయి అని అడగాలనుకున్నాను. అడగకుండానే చెప్పాడు.

"చెబితే మీ ఉజ్జోగం పోద్ది కదండి. నాకు చెట్లున్నాయనుకున్నాను."

పిన్ని కాఫీ తెచ్చింది. తాగాను. ఆ ఇంట్లో, ఆ మనిషి ముందు కూర్చుని, చక్కెర సరిపోయిందా అని ఆవిడ అడిగితే సరిపోయింది అని చెప్పి, గ్లాసు ఖాళీ చేసి ఇచ్చి, గొడుగు వేసుకుని వచ్చేశాను. అవునని గాని, తప్పయిందని గాని, ఒక్క మాట అనలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదాం అనుకున్నాను. ఆ ఇంకోసారి లేదు. కార్తీకం వెళ్లకుండానే ఆయన పోయాడు. పోయిన పది రోజులకి నన్ను పర్మనెంటు చేస్తూ కాగితం వచ్చింది. ఆఫీసులో అందరికీ కాజాలు పంచాను.

మా పెదనాన్న చివరిదాకా, ఆ రోజు వాడు చెట్టెక్కలేదు గాని మనిషి మంచివాడే అనే అనేవాడు. ఆయన పోయేలోగా కూడా నేను సరిచెయ్యలేదు. ఆ తోట ఇప్పుడు లేదు, కొట్టించి చేపల చెరువు తవ్వించారు. పిన్ని ఆ తరువాత కూతురి దగ్గరకి నరసాపురం వెళ్లిపోయిందని విన్నాను, లేసులు అల్లుకుంటూ ఉండేదట, ఉందో లేదో. ఆఫీసరు గారు బదిలీ మీద బదిలీ అయి ఎక్కడో రిటైరు అయ్యారు. నేను నా పింఛను తీసుకుంటున్నాను. కొబ్బరికి ఇప్పుడు వేరే తెగుళ్లు వచ్చాయి, తెల్లదోమట, ఆకులు మసిపట్టిపోతున్నాయట. చెట్టెక్కే మనుషులు దొరకడం లేదు, యంత్రాలతో ఎక్కుతున్నారు, కింద నిలబడి ఫోన్లో మొవ్వు బొమ్మ చూసుకుంటున్నారు. మంచిదే. ఎక్కాడా లేదా అని మనిషి మాట మీద ఆధారపడాల్సిన పని ఇంక లేదు. ఈ సదుపాయం ఆ రోజు ఉంటే ఆయన బతికి ఉండేవాడు కదా అనిపిస్తుంది. వెంటనే, ఎక్కినట్టు బొమ్మ పడుతుంది గాని గొట్టంలో నూక వాసన బొమ్మలో పడదు కదా అని కూడా అనిపిస్తుంది. అది చెప్పాల్సింది కింద నిలబడ్డ మనిషే.

ఆ సజ్జల డబ్బా ఇంకా పడెయ్యలేదు. పనమ్మాయి రెండుసార్లు అడిగింది, తరువాత నా తిక్కకి వదిలేసింది. నాలుగు రోజుల క్రితం పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే వంటింటి కిటికీ జాలీ మీద ఏదో కదిలింది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఎర్రగా, చీమ కంటే చిన్నగా. ఈ మూడో అంతస్తుకి, ఈ సిమెంటు ఇళ్ల మధ్యకి, ఏ వాసన పట్టుకుని వచ్చిందో. జాలీ దిగి, గట్టు మీద నడిచి, డబ్బా మూత సందు దగ్గర ఆగి, మీసాలతో తడిమి, వెనక్కి తిరిగి, సుళ్లు తిరుగుతూ నిలబడింది.

మూత తీసి దానికి దారి ఇచ్చాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. పాతికేళ్లు ఆలస్యంగా, కాఫీ చల్లారిపోతుండగా, పైకే అన్నాను.

"లేదు బాబాయి. ఆ వారం నేను కొయ్యమనలేదు."